ఆఖర్లో ఆ ట్రంపెట్ ఎవరిది?

1956 జులై 7 రాత్రి అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్లో పేరున్న జాజ్ లీడరు డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండు వాయించిన కచేరీ గురించి జాజ్ వినేవాళ్లలో తెలియనివాళ్లు ఉండరు. అప్పటికి ఎల్లింగ్టన్ పనైపోయింది అనుకుంటున్నారు, పెద్ద బ్యాండుల కాలం అయిపోయింది, అలాంటి టైములో టెనర్ శాక్సోఫోన్ వాయించే పాల్ గోన్సాల్వెస్ లేచి నిలబడి ఆపకుండా 27 ఆవర్తాలు, అంటే పాట వరసని 27 చుట్లు, వాయించేశాడు, జనం కుర్చీల్లోంచి లేచి డాన్సులు మొదలెట్టారు, ఆ ఆగస్టులోనే టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఎల్లింగ్టన్ బొమ్మ వచ్చింది. ఈ కథ ఎవరు చెప్పినా ఇక్కడితో ఆపేస్తారు. కానీ రికార్డు ఇక్కడితో ఆగదు. గోన్సాల్వెస్ కూర్చున్నాక బ్యాండు మొత్తం అందుకుంటుంది, మెల్లమెల్లగా పెరుగుతుంది, ఇంక పెరగడానికి ఏమీ లేదు అనుకున్న చోట ఒక ట్రంపెట్ మిగతా అందరి నెత్తి మీద నుంచి, మామూలు ట్రంపెట్ వెళ్లే చోటుకి చాలా పైన, గాజు మీద మేకుతో గీసినంత పదునుగా వినపడుతుంది. విన్నవాళ్లకి ఒళ్లు ఝల్లుమంటుంది, ఊదింది ఎవరు అని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు.

ఆయన పేరు క్యాట్ ఆండర్సన్. అసలు పేరు విలియం అలోంజో ఆండర్సన్, 1916లో సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో పుట్టాడు. అంత పైకి ఊదడం అంటే ఏంటి, అది అంత కష్టం ఎందుకు, అంత కష్టమైన పని చేసినవాళ్ల పేర్లు ఎందుకు నిలబడలేదు అనేవి మూడు వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ మొదటిది సరిగ్గా అర్థమైతే మూడోది సగం అర్థమైనట్టే.

ట్రంపెట్‌కి ఉండేవి మూడే బటన్లు. పెళ్లి బ్యాండులో దగ్గర్నుంచి చూసినవాళ్లకి ఈ అనుమానం వచ్చే ఉంటుంది, మూడు బటన్లతో అన్ని స్వరాలు ఎలా వస్తాయని. అసలు సంగతేంటంటే స్వరాన్ని ఎంచుకునేది ఎక్కువగా పెదాలే. దాదాపు ఒకటిన్నర మీటరు పొడవున్న ఆ గొట్టంలో గాలి కొన్ని లెక్కల ప్రకారమే మోగుతుంది. ఒక్క బటన్ కూడా నొక్కకుండా, పెదాల బిగువు మాత్రమే మారుస్తూ పోతే మన భాషలో చెప్పాలంటే స, ప, పై స, గ, ప, కొంచెం శ్రుతి తగ్గిన ని, మళ్లీ ఇంకా పైన స, ఇలా మెట్లు మెట్లుగా వస్తాయి. బటన్లు చేసేది గొట్టం పొడుగు పెంచి ఈ మెట్ల మధ్య ఖాళీలు పూరించడమే. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే కింద మెట్లు దూరం దూరంగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ దగ్గరైపోతాయి, ఆ చివరి స దాటాక పక్కపక్క స్వరాలే వరసగా వచ్చేస్తాయి. అంటే పైన పెదం వెంట్రుకవాసి జారితే రి పలకాల్సిన చోట గ పలుకుతుంది, బటన్ ఏది నొక్కినా కాపాడదు.

మెట్లలో చివర చెప్పిన ఆ పై స ని వాయించేవాళ్లు హై సి అంటారు. అక్కడ పెదాలు సెకనుకి 932 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. దానికి సరిగ్గా ఒక స్థాయి పైన డబుల్ సి, సెకనుకి దాదాపు 1865 సార్లు. మామూలు వాయిద్యకారుడికి హై సి కొంచెం దాటితే హద్దు వచ్చేస్తుంది, ఆండర్సన్‌కి అక్కడ్నుంచి పని మొదలవుతుంది.

మరి హద్దు ఎందుకు వస్తుంది? కింది స్వరాల్లో ట్రంపెట్ వాయించేవాడికి సాయం చేస్తుంది. పెదాల దగ్గర పుట్టిన తరంగం గొట్టంలో పరిగెత్తి చివర గంటలా విచ్చుకున్న భాగం దగ్గర చాలావరకు వెనక్కి తిరుగుతుంది, వచ్చి పెదాలకి సరైన టైములో ఒక తోపు ఇస్తుంది, ఆ తోపుతో పెదాలు అదే వేగంలో ఆడుతూ ఉంటాయి. గోడకేసి బంతి కొడితే తిరిగొచ్చినట్టు. కానీ సెకనుకి సుమారు 1500 కంపనాలు దాటాక ఆ గోడ మాయమైపోతుంది, తరంగంలో ఎక్కువ భాగం వెనక్కి రాకుండా బయటికి వెళ్లిపోతుంది. ఇక పెదాలకి వెనకనుంచి ఆసరా లేదు, ఊయల తోసేవాళ్లు లేరు, తమంతట తాము అంత వేగంగా ఆడాలి. డబుల్ సి దగ్గర ట్రంపెట్ అనేది దాదాపుగా ఒక మైకు గొట్టం మాత్రమే, వాయిద్యం పెదాలే.

దీనికి బయటివాళ్లు, కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా ఇచ్చే సమాధానం ఒక్కటే, గట్టిగా ఊదు. అది తప్పు. పైకి వెళ్లేకొద్దీ లోపలికి పోయే గాలి తగ్గుతుంది, నోట్లో ఒత్తిడి పెరుగుతుంది. తోట పైపు చివర బొటనవేలు పెడితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి కదా, ఆ పోలిక అందరూ చెప్తారు, పూర్తిగా సరికాదు గానీ రంధ్రం చిన్నదవ్వాలి అన్నంతవరకు పనికొస్తుంది. పెదాల్లో ఆడే భాగం చాలా చిన్నదవ్వాలి, మూలలు బిగుసుకోవాలి, మధ్యభాగం మాత్రం బిగుసుకుపోకూడదు. నాలుక కూడా పని చేస్తుంది. ఈల వేసేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, పెదాలు కదపకుండా లోపల నాలుకని ఆ అన్నట్టు పెడితే కింది స్వరం, ఈ అన్నట్టు పైకి లేపితే పై స్వరం. ఇత్తడి వాయిద్యాలు వాయించేవాళ్లని ఎమ్మారై మెషిన్లో పెట్టి తీసిన వీడియోల్లో కూడా నాలుక ఇలా పైకి లేవడం కనపడుతుంది.

పెదాలు సహకరించనప్పుడు చేతులు సాయానికి వస్తాయి, అసలు ప్రమాదం అక్కడే. ట్రంపెట్‌ని మూతికేసి బలంగా అదుముకుంటే ఒకటి రెండు స్వరాలు అదనంగా వస్తాయి, నిజమే, కానీ మౌత్‌పీస్ అంచు కింద రక్తం ఆడదు, పెదం వాస్తుంది, రేపటి కచేరీకి ఉన్నది కూడా ఊడిపోతుంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడికి 1930లలో పెదాలు దెబ్బతిని కొన్నాళ్లు వాయించడం ఆపాల్సి వచ్చింది. పెదాల చుట్టూ వలయంలా ఉండే కండరం చిరిగిపోయే స్థితికి 1982లో వచ్చిన ఒక వైద్య వ్యాసం ఆయన ముద్దుపేరు మీదే సాచ్మో సిండ్రోమ్ అని పేరు పెట్టింది. లోపల బిగబట్టిన ఒత్తిడికి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గి కళ్లు తిరగడం ఇంకో సమస్య, పెద్ద స్వరం పట్టాక వాయించేవాళ్లు తూలడం నటన కాదు.

మరి ఆండర్సన్ ఏం చేసేవాడు? 1973లో ఆయన ట్రంపెట్ నేర్పే పుస్తకం ఒకటి వచ్చింది. అందులో ఎక్కువమంది చెప్పుకునే అభ్యాసం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పాశ్చాత్య సంగీతం రాసే అయిదు గీతల్లో రెండో గీత మీద ఉండే జి, అంటే మన లెక్కలో మధ్యస్థాయి పంచమం, అసలేమాత్రం కష్టంలేని స్వరం. దాన్ని వీలైనంత మెల్లగా, గుసగుస కన్నా తక్కువలో, ఊపిరి ఉన్నంతసేపు పట్టాలి, ఊపిరి తీసుకుని మళ్లీ పట్టాలి, ఇలా 20 నిమిషాలు. అంతే. పైకి ఎక్కడం లేదు, వేగం లేదు. చేసి చూస్తే తెలుస్తుంది ఎంత నరకమో, రెండో నిమిషంలోనే స్వరం వణుకుతుంది, మధ్యలో ఆగిపోయి గాలి మాత్రం బుస్సుమని పోతుంది, ఎందుకంటే అంత మెల్లగా పలకాలంటే పెదాలు దాదాపు తగులుతూ ఉండాలి, అదమకూడదు, గాలి దారంలా పోవాలి. కాస్త ఆలోచిస్తే అతితార స్థాయికి కావాల్సినవి కూడా సరిగ్గా ఇవే, చిన్న రంధ్రం, తక్కువ గాలి, అదమని చేతులు. బలం అనుకున్నదంతా నిజానికి నాజూకుతనం. పక్కింటివాళ్లకి వినపడని సాధన చేసినవాడు ఊరంతా ఉలిక్కిపడేలా ఊదాడన్నమాట.

ఇంకో చిన్న సంగతి, అంత పై స్వరం బ్యాండు మొత్తాన్ని చీల్చుకుని వినపడటానికి కారణం గట్టిగా ఊదడం ఒక్కటే కాదు. మనిషి చెవి సెకనుకి 2000 నుంచి 5000 కంపనాల మధ్య శబ్దాలకి బాగా స్పందిస్తుంది, డబుల్ సి, దాని పై పొరలు దాదాపు అక్కడే పడతాయి. చంటిబిడ్డ ఏడుపు ఎంత గోలలోనైనా తల్లికి వినపడటంలో కూడా ఇలాంటి లెక్కే ఉంది.

ఈ సాధన మొదలైన చోటు గురించి చెప్పుకోవాలి. ఆండర్సన్‌కి నాలుగేళ్లప్పుడే అమ్మానాన్నా పోయారు. చార్ల్‌స్టన్‌లో జెంకిన్స్ అనాథాశ్రమంలో పెరిగాడు. 1891లో డేనియల్ జెంకిన్స్ అనే నల్లజాతి పాస్టరు పెట్టిన ఆశ్రమం అది. డబ్బుల్లేక, ఎవరో ఇచ్చేసిన పాత వాయిద్యాలు పిల్లల చేతికిచ్చి, మిలిటరీ కాలేజీవాళ్లు వదిలేసిన యూనిఫాములు తొడిగి వీధి మూలల్లో బ్యాండు వాయింపించి చందాలు వసూలు చేసేవాళ్లు. వినడానికి బాధగానే ఉంటుంది, పిల్లలు అడుక్కునే పద్ధతే కదా ఒకరకంగా. కానీ సంగీతం గట్టిగానే నేర్పారు, ఆ పిల్లల బ్యాండు 1905లో అమెరికా ప్రెసిడెంటు ప్రమాణస్వీకార ఊరేగింపులో నడిచింది, 1914లో లండన్ ఎగ్జిబిషన్‌కి వెళ్లొచ్చింది. పైకప్పు లేని చోట, బండ్ల చప్పుడు మధ్య, పోయేవాళ్లని ఆపితేనే రాత్రికి ఖర్చులు వెళ్లే చోట నేర్చుకున్న ట్రంపెట్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. క్యాట్ అన్న పేరు కూడా అక్కడిదే, తోటి పిల్లలతో కొట్లాటల్లో పిల్లిలా కలబడేవాడని.

అదే ఆశ్రమంలో ఆయన కన్నా ఎనిమిదేళ్లు ముందు పుట్టిన ఇంకొకడు పెరిగాడు, జాబో స్మిత్. 1929లో ఇరవై ఏళ్ల వయసులో బ్రన్స్‌విక్ కంపెనీకి ఇచ్చిన రికార్డులు ఇవాళ వింటే నమ్మబుద్ధి కాదు, ఆ వేగం, ఆ పై స్వరాలు, ఆర్మ్‌స్ట్రాంగ్‌కి పోటీగా కంపెనీ దింపిన మనిషి, అప్పుడవి అమ్ముడుపోలేదు. అంతకుముందు 1927లో ఎల్లింగ్టన్ రికార్డింగులో ఒకరి బదులు వచ్చి వాయించాడు, బ్యాండులో చేరమంటే చేరలేదు. తర్వాత మిల్వాకీలో స్థిరపడి కార్లు అద్దెకిచ్చే కంపెనీలో ఉద్యోగం చేసుకున్నాడు. 1979లో న్యూయార్క్ స్టేజి షో ఒకదాంట్లో డెబ్బై ఏళ్ల మనిషిగా మళ్లీ కనపడేసరికి అందరూ అయ్యో ఇన్నాళ్లూ ఎక్కడున్నావు అన్నారు. ఎక్కడికీ పోలేదు, ఎవరూ వెతకలేదు, అంతే.

ఆండర్సన్ దారి వేరు. ఆశ్రమం పిల్లలే కలిసి పెట్టుకున్న కరోలినా కాటన్ పికర్స్‌తో మొదలుపెట్టి, సన్‌సెట్ ఆర్కెస్ట్రా, లక్కీ మిలిండర్, ఎర్‌స్కిన్ హాకిన్స్, లయనెల్ హాంప్టన్ ఇలా బ్యాండు తర్వాత బ్యాండు మారుతూ 1944లో ఎల్లింగ్టన్ దగ్గర చేరాడు. మధ్యలో రెండుసార్లు బయటికెళ్లి సొంత బ్యాండు పెట్టుకున్నాడు, నిలబడలేదు, మళ్లీ వచ్చాడు, మొత్తానికి 1971 దాకా అక్కడే. ఎల్లింగ్టన్‌కి ఒక అలవాటుంది, కాగితాల మీద రెండో ట్రంపెట్, మూడో ట్రంపెట్ అని కాకుండా మనుషుల పేర్లు రాసి వాళ్ల గొంతు తెలిసి స్వరం కట్టేవాడు. 1957లో షేక్‌స్పియర్ పాత్రల మీద చేసిన సూట్‌లో, అంటే చిన్న చిన్న రచనలు వరసగా కూర్చిన సంగీతంలో, హామ్లెట్ పిచ్చి నటించే భాగానికి ఆఖర్న ఆండర్సన్‌ని వదిలాడు, ట్రంపెట్ పైకి, ఇంకా పైకి, ఇక స్వరమా అరుపా తెలియనంత పైకి పోయి మాయమవుతుంది. సర్కస్ ఫీటుని పాత్రగా మార్చడం అంటే అది.

సర్కస్ అన్న మాట ఊరికే రాలేదు. విమర్శకులు చాలామంది ఆయన్ని ఆ ఒక్క ముక్కతో తీసిపారేశారు, నిజం చెప్పాలంటే పూర్తి అన్యాయం కూడా కాదు, ఏ రాత్రి ఏ ఊళ్లో ఏ పాటైనా చివర పై స్వరం పెట్టి చప్పట్లు కొట్టించుకోవడం ఎల్లింగ్టన్ బ్యాండుకి అలవాటైపోయింది, కొన్ని రికార్డుల్లో అది విసుగే. కానీ అదే మనిషి సింకు తూము శుభ్రం చేసే రబ్బరు కప్పుని ట్రంపెట్ మూతికి అడ్డంపెట్టి మనిషి మాట్లాడినట్టు గుర్రుమనిపించేవాడు, బటన్లు సగమే నొక్కి స్వరాన్ని సాగదీసేవాడు, కింది స్థాయిలో మెత్తగా వాయించేవాడు, అవసరమైతే మొత్తం ట్రంపెట్ల వరసని నడిపేవాడు. ఇవేవీ ఎవరికీ గుర్తులేవు. పై స్వరం ఎంత గట్టిగా వినపడిందంటే మిగతా ఆండర్సన్ మొత్తాన్ని అదే కప్పేసింది.

ఇక్కడ మన కచేరీతో ఒక తేడా చూడాలి. మన దగ్గర పక్కవాద్యం వాళ్ల పేర్లు కరపత్రంలో ఉంటాయి, వయొలిన్ వాళ్లకి రాగంలో వంతు ఉంటుంది, మృదంగం వాళ్లకి తని, అంటే ఒక్కరే వాయించే వంతు, ఉంటుంది, రసికుడు ఇవాళ మృదంగం ఎవరు అని అడిగి మరీ వస్తాడు. పెద్ద బ్యాండులో పదిహేనుమందిలో సోలో దొరికేది కొందరికే. ఫస్ట్ ట్రంపెట్ అనే కుర్చీకి అసలు సోలోనే ఉండకపోవచ్చు. ఆ మనిషి చేసే పనేంటంటే ఒక స్వరాన్ని ఎంతసేపు పట్టాలి, ఎక్కడ తెంపాలి, ఎంత ఊగించాలి అనేది ముందు తను తేల్చడం, మిగతా ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్లు ఆయన్ని చూసి, నిజానికి విని, ఒక్క మనిషిలా ఊపిరి తీసుకోవడం. బాగా చేస్తే బ్యాండు బాగుంది అంటారు. బాగా చెయ్యకపోతేనే ఆయన ఎవరు అని వెతుకుతారు. పై స్వరం కూడా అలాంటిదే, అది ఎప్పుడూ పాట చివర్లో వస్తుంది, ఆ వెంటనే చప్పట్లు, లీడరు లేచి వంగి దండం పెడతాడు, చప్పట్లు ఆయన ఖాతాలో పడతాయి.

డబ్బు లెక్క కూడా ఇదే వంకర. రికార్డింగుకి వెళ్తే ఆ పూటకి కూలి ఇస్తారు, రికార్డు లక్ష అమ్ముడుపోయినా పది అమ్ముడుపోయినా పక్కన వాయించినవాడికి అంతే, రాయల్టీ పాట కట్టినవాళ్లకి, అగ్రిమెంటు మీద సంతకం పెట్టిన లీడరుకి. దీనిమీదే 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా సంగీతకారుల యూనియన్ రికార్డింగులు బంద్ పెట్టింది, పెద్ద కంపెనీలు దిగొచ్చేసరికి 1944 నవంబరు అయింది. గెలిచారు, కానీ వచ్చిన డబ్బు యూనియన్ నిధికి వెళ్లింది, ఫలానా రికార్డులో ఫలానా స్వరం ఊదినవాడి జేబుకి కాదు. దీనికి తోడు రోడ్డు మీద బతుకు, దక్షిణాది ఊళ్లలో రాత్రి ఏ హాల్లో చప్పట్లు కొట్టించుకున్నారో ఆ వీధిలో ఉన్న హోటల్లో గది ఇచ్చేవాళ్లు కాదు, నల్లవాళ్లు కాబట్టి. అల్ కిలియన్ అని ఇంకో పై స్వరాల ట్రంపెట్ ఉండేవాడు, కౌంట్ బేసీ దగ్గరా ఎల్లింగ్టన్ దగ్గరా వాయించాడు, 1950లో లాస్ ఏంజెలెస్‌లో ఇంటి ఓనరు కాల్చేస్తే ముప్పై మూడేళ్లకే పోయాడు. ఆయన గురించి దొరికేది చాలా పుస్తకాల్లో ఈ ఒక్క వాక్యమే, వాయించిన సంగీతం కన్నా చచ్చిపోయిన తీరుకే ఎక్కువ చోటు.

1963లో అమెరికా ప్రభుత్వం పంపిన టూరులో ఎల్లింగ్టన్ బ్యాండు మన దేశానికీ వచ్చింది, ఢిల్లీ, మద్రాసు, బొంబాయి, కలకత్తా తిరిగింది, ఆండర్సన్ కూడా ఆ ట్రంపెట్ల వరసలోనే ఉన్నాడు. తెలుగు సినిమా పాటలు ఎక్కువగా మద్రాసు స్టూడియోల్లో రికార్డవుతున్న రోజులవి, ఆ పాటల్లో ట్రంపెట్ ఊదినవాళ్ల పేర్లు కూడా గ్రామఫోను రికార్డు లేబుల్ మీద ఉండవు, కాబట్టి ఈ జబ్బు అమెరికాది మాత్రమే అనుకోనక్కర్లేదు.

ఆండర్సన్ 1971 తర్వాత లాస్ ఏంజెలెస్ చేరి స్టూడియో పనులు చేసుకున్నాడు, 1981లో మెదడులో కణితితో పోయాడు, 64 ఏళ్లు.

ఇంతా చెప్పాక స్నూకీ యంగ్‌ని వదిలేస్తే తప్పు. ఆయనది ఇంకో రకం. 1919లో ఒహాయోలోని డేటన్‌లో పుట్టి, ఇరవై ఏళ్లకి జిమ్మీ లన్స్‌ఫర్డ్ బ్యాండులో ఫస్ట్ ట్రంపెట్, తర్వాత కౌంట్ బేసీ, తర్వాత న్యూయార్క్‌లో థాడ్ జోన్స్, మెల్ లూయిస్‌ల బ్యాండు. ఆయన ఊదుతుంటే మొహంలో కష్టం కనపడదు, పై స్వరం కూడా కేక పెట్టినట్టు కాకుండా పాడినట్టు ఉంటుంది. 1967 నుంచి 1992 దాకా అమెరికాలో ప్రతి రాత్రీ లక్షలమంది చూసే టీవీ షో బ్యాండులో కూర్చున్నాడు. దేశం మొత్తానికి ఆ ట్రంపెట్ శబ్దం నిద్రపోయే ముందు రోజూ వినే శబ్దం, పేరు మాత్రం సంగీతకారులకి తెలుసు. 2009లో జాజ్ మాస్టర్ గౌరవం ఇచ్చారు, అప్పటికి తొంభై ఏళ్లకి దగ్గరపడ్డాడు, ఫస్ట్ ట్రంపెట్ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టి డెబ్బై ఏళ్లు. ఆయన వాయించిన రికార్డులు వందల్లో ఉంటాయి, సొంత పేరు మీద వచ్చినవి ఒక చేతి వేళ్లకి సరిపోతాయి.